టైపు యంత్రముపై అక్షరముల వరుస



మొన్నటి సంక్రాంతికి మా పెద్దమ్మాయి కొడుకు మా యింటికి వచ్చెను. పండ్రెండేండ్లవాడు. తల్లి ఫోను చేతబట్టుకొని యేదో వ్రాయుచు, ఉన్నట్టుండి తలయెత్తి, “తాతయ్యా, ఈ ఇంగ్లీషు అక్షరాలు ఏ బీ సీ డీ అని వరుసగా లేవేం? ఎవరు కలిపేశారు?” అని యడిగెను. నేను తడుముకొనలేదు. నలువదేండ్ల క్రిందట నేను టైపు నేర్చుకొన్న చోట మా మాస్టరుగారు చెప్పిన కథనే వానికి చెప్పితిని. మొదట అక్షరములు వరుసగానే యుండెడివట. టైపు చేయువారు మిక్కిలి వేగముగా కొట్టుటచే యంత్రము లోపలి కడ్డీలు చిక్కుపడెడివట. అందుచేత వారి వేగమును తగ్గించుటకు కావలెననియే అక్షరములను చిందరవందర చేసిరట. “అయితే మనకు చేత కాకూడదనే చేశారా?” అని వాడు నవ్వి, గాలిపటము తీసికొని మేడమీదికి పోయెను.

ఆ నవ్వు నాకు ముల్లువలె గ్రుచ్చుకొనినది. కోతకూలీలు తొందరపడుదురని కొడవలిని మొద్దుచేయు కమ్మరి యెచ్చటనైన కలడా? అట్టి కొడవలిని డబ్బిచ్చి కొను రైతు కలడా? ఈపాటి సందేహము నాకు నలువదేండ్లు తోచలేదు. పండుగ వెళ్లిన పిదప దొరికిన పుస్తకములను, వ్యాసములను తెప్పించి చదివితిని. చదివిన కొలదియు, నేను ఇంతకాలము పదిమందికి చెప్పుచు వచ్చిన కథలో నిజము చాల తక్కువ యని తేలినది. ఆ సంగతియే నేడు మీకు విన్నవించుచున్నాను.

మీలో చాలమంది టైపు యంత్రమును కోర్టు ఆవరణలోనో, రిజిస్ట్రారు కచేరీ యెదుట చెట్టుక్రిందనో చూచియే యుందురు. దానిపై అంకెల వరుస క్రింద అక్షరములు మూడు వరుసలుగా నుండును. పై వరుస క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ, వై అని మొదలగును. నడిమి వరుస ఏ, ఎస్, డీ, ఎఫ్ అని; క్రింది వరుస జెడ్, ఎక్స్, సీ, వీ అని. ఆ యంత్రము నేడు అరుదైపోయినను, కంప్యూటరు మీదను ఫోను మీదను నిలిచియున్నది ఆ వరుసయే.

ఇచ్చట ఒక మాట. మన అక్షరమాలకు ఒక న్యాయమున్నది. కంఠమునుండి బయలుదేరి పెదవులవరకు నడచుచు క, చ, ట, త, ప వర్గములు ఏర్పడినవి. ఓనమాలు దిద్దిన బిడ్డడు తెలియకయే శబ్దశాస్త్రము చదివినట్లు. ఇంగ్లీషువారి ఏ బీ సీ డీలకు అట్టి న్యాయము లేదు. అది తరతరముల వాడుక. కావున ఆ వరుస చెడినదని మనము విచారింప బనిలేదు. అచ్చుకూటములో కంపోజిటరు ముందుండు అరల పెట్టెలోను అక్షరములు వరుసగా నుండవు. ఎక్కువ వాడునవి చేతికి దగ్గరగా నుండును. ఈ సంగతి టైపు యంత్రమును చేసినవానికి బాగుగా తెలియును. ఏలయన అతడు అచ్చుపనివాడే.

అతని పేరు క్రిస్టఫర్ లేథమ్ షోల్స్. 1819లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున పుట్టెను. చిన్ననాడే అచ్చుపని నేర్చి, విస్కాన్సిన్ ప్రాంతమునకు పోయి పత్రికలు నడపెను. అచ్చటి శాసనసభలలో సభ్యుడుగా నుండెను. ఉరిశిక్షను తొలగింపవలెనని పాటుపడిన వారిలో అతడొకడు. 1853లో ఆ రాష్ట్రము దానిని రద్దుచేసెను. తరువాత మిల్వాకీ రేవునందు సుంకపు అధికారిగా కుదిరెను. పగలు ఉద్యోగము, తీరిక వేళల యంత్రములు. క్లైన్‌స్టూబర్ అనువాని కర్మాగారములో శామ్యూల్ సూలే యను మరియొక అచ్చుపనివానితో కలిసి, పుస్తకముల పుటలకు వరుసగా అంకెలు వేయు చిన్న యంత్రము నొకటి 1866లో చేసెను. అదే చోట నాగలి బాగుచేయు ప్రయత్నములో నున్న కార్లోస్ గ్లిడ్డెన్ దానిని చూచి, అంకెలు వేయు యంత్రము అక్షరములు మాత్రమెందుకు వేయరాదని యడిగెనట. మరుసటియేడు ఒక విజ్ఞాన పత్రికలో, ప్రాట్ అనువాడు చేసిన వ్రాతయంత్రమును గూర్చి వచ్చిన వ్యాసము షోల్స్ కంటబడెను. అంతటితో అతనికి వేరు ధ్యాస లేకపోయెను. 1868 జూన్ 23వ తేదీని ముగ్గురి పేర పేటెంటు వచ్చెను.

ఆ తొలి యంత్రమునకు పియానో వాద్యమునకున్నట్లు మీటలుండెను. అక్షరములు రెండు వరుసలలో ఏ బీ సీ డీ క్రమముననే యుండెను. నేటి యంత్రము నడిమి వరుసను మరల చూడుడు: డీ, ఎఫ్, జీ, హెచ్, జే, కే, ఎల్. నడుమ ఈ, ఐ యను రెండచ్చులు మాత్రమే లేవు; అవి పై వరుస కెక్కినవి. ఇల్లు పడగొట్టి మరల కట్టినను పునాదిలో పాతరాయి కనబడినట్లు, మొదటి వరుస అందు మిగిలియున్నది. అక్షరములన్నిటిని గుప్పిట బోసి చల్లినట్లు చేసిరనుట సరికాదని చెప్పుటకు ఈ యొక్క సాక్ష్యము చాలును.

యంత్రము లోపల ఏమి జరిగెడిదో తెలియనిచో తక్కిన కథ తెలియదు. కాగితము చుట్టిన రోలరు క్రింద ఇనుపకడ్డీలు వలయముగా వ్రేలాడుచుండును, బుట్ట అల్లినట్లు. ఒక్కొక్క కడ్డీ చివర ఒక్కొక్క అక్షరము. మీట నొక్కగనే దాని కడ్డీ పైకి లేచి, వలయపు నడిమిచోట రోలరు అడుగున కొట్టి, తన బరువుతో మరల క్రిందికి పడును. అన్ని కడ్డీలును కొట్టవలసిన చోటు ఒక్కటే. మొదటిది దిగకమునుపే రెండవది లేచినచో రెండును డీకొనును. అక్షరము పడుట రోలరు అడుగున గనుక, వ్రాయువానికి తాను వ్రాసినది కనబడదు; కొన్ని పంక్తులు నడచిన పిదపనే తప్పు బయటపడును. ఈ చిక్కు షోల్స్‌కు నిజముగనే కలిగినది. కడ్డీలను ఒకదాని నొకటి తగులకుండ అమర్చుటకు అతడు తంటాలు పడెననుటయు నిజమే కావచ్చును. మా మాస్టరుగారి కథలో సత్యపు పాలు ఇంతమాత్రమే. చిక్కును పోగొట్టి పని వేగముగా సాగనిచ్చుట వేరు. పనివాని వేగమునే చంపుట వేరు. కథ చేతులు మారుచుండగా ఒకటి మరియొకటియైనది.

ఇక రంగమున ప్రవేశించినవాడు జేమ్స్ డెన్స్‌మోర్. దుడుకుమనిషి, పట్టుదల మనిషి. టైపు యంత్రముపై వ్రాసిన ఉత్తరము తనకు చేరగనే, యంత్రమును కంటితో చూడకయే, అంతవరకైన ఖర్చు 600 డాలర్లు చెల్లించి నాలుగవ వంతు భాగము కొనెను. చూచిన పిదప, ఇది యెందుకును పనికిరాదు, మరల చేయుమనెను! సూలే, గ్లిడ్డెన్ క్రమముగా ప్రక్కకు తొలగిరి, షోల్స్ మిగిలెను. డెన్స్‌మోర్ చేసిన గొప్ప పని యేమనగా, యంత్రములను చేయించిన కొలది, రోజంతయు వ్రాతపనిలో నుండువారికి పంపుచు వచ్చుట. వాషింగ్టన్‌లో జేమ్స్ క్లెఫేన్ అను సంక్షిప్తలేఖకు డుండెను. అతడు వచ్చిన యంత్రమునెల్ల విరుగువరకు వాడి, దాని లోపములను నిర్మొగమాటముగా వ్రాసి పంపెడివాడు. షోల్స్ విసిగి వేసారెను. మనకు కావలసినది అట్టి మనిషియే యని డెన్స్‌మోర్ నచ్చజెప్పెను. ఇట్లు కొన్నేండ్లలో పదులకొలది నమూనాలు పుట్టినవి, విరిగినవి. ఒక్కొక్క నమూనాకును అక్షరములు కొన్ని స్థానములు మారినవి.

ఆ తొలి యంత్రములను వాడిచూచినవారిలో తంతివారు ముఖ్యులు. తంతి యనగా మనకు జ్ఞాపకము వచ్చునది వేరు. తంతి వచ్చినదని బంట్రోతు పిలువగనే, చదువక ముందే ఇంటిల్లిపాదియు ఏడ్చుటకు సిద్ధపడిన దినములను మీరెరుగుదురు. మన దేశమున ఆ సేవ 2013 జూలైతో ముగిసినది. అమెరికాలో ఆనాడు తంతి గుమాస్తాలు టక్కుటక్కుమను చప్పుడును చెవితో విని, చేతితో వ్రాసికొనెడివారు. విన్నదానిని వెంటనే అచ్చక్షరములలో దింపగల యంత్రము వారికి వరము. షికాగోలోని పోర్టర్ తంతి విద్యాలయమున 1868లోనే షోల్స్ యంత్రమును వాడిచూచిరి.

జపాను దేశపు క్యోటో విశ్వవిద్యాలయమునకు చెందిన యాసుఒకా దంపతులు ఆనాటి నమూనాలను, పేటెంటు పత్రములను, పత్రికలను వెదకి, 2011లో ఒక వ్యాసము ప్రకటించిరి. వారు చూపిన దేమనగా, ఈ వరుసను మలచినది కడ్డీల చిక్కుకంటె తంతివారి చెవి యని. ఒక్క యుదాహరణము చెప్పెదను. అమెరికా తంతి సంకేతములు మన తపాలా కచేరీలలో వాడినవానికి కొంత భిన్నము. అందు జెడ్ అక్షరమునకు మూడు చుక్కలు, కొంచెము ఎడము, మరియొక చుక్క. ఎస్ కు మూడు చుక్కలు, ఈ కి ఒక చుక్క. కావున చెవికి జెడ్ వినబడినదో, ఎస్ తరువాత ఈ వినబడినదో, తరువాతి అక్షరములు వచ్చువరకు తేలదు. విన్నవాడు వేచియుండి చప్పున ఏదో ఒకటి కొట్టవలెను. అందుచేత జెడ్, ఎస్, ఈ మూడును దగ్గరగా నుండుట అతనికి మేలు. నేటికిని అవి మూడు వరుసలలో ఇరుగుపొరుగుననే యున్నవి. మరియొకటి: ఆ యంత్రమున ఒకటి యంకె లేదు, దానికి బదులు ఐ అక్షరమునే కొట్టెడివారు. అది 1870 ప్రాంతము. సంవత్సరము వేయునప్పుడెల్ల ఒకటి, ఎనిమిది పక్కపక్కన కావలసివచ్చెడివి. కనుక ఎనిమిది యంకె దగ్గరకు ఐ అక్షరము చేరినదని వారి వాదము.

ఈ వాదము ప్రతి యక్షరమునకును సరిపడునని నేను చెప్పను. షోల్స్ ఎందుకిట్లు అమర్చెనో తన మాటలలో వ్రాసిపెట్టిన కాగితము లభింపలేదు. కాని పాత కథను పరీక్షించిచూడుడు. 1872లో ప్రకటింపబడిన యంత్రపు బొమ్మలో ఈ, టీ అక్షరముల నడుమ ఉన్నది చుక్క. ఆర్ అక్షరము అడుగు వరుసలో ఎక్కడనో యుండెను. మరుసటియేడు ఆ చుక్క తొలగి, ఆర్ పైకి వచ్చి ఈ ప్రక్కన కూర్చుండెను. ఈ, ఆర్ లు ఇంగ్లీషున అడుగడుగున జంటగా వచ్చు అక్షరములు. జంటలను విడదీయుటయే ముఖ్యోద్దేశమైనచో ఎడముగా నున్నవానిని తెచ్చి పక్కపక్కన పెట్టుదురా? ఇంకొక సంగతి. ఆనాడు యంత్రమును రెండు మూడు వ్రేళ్లతో వెదకుకొనుచు కొట్టెడివారే కాని పది వ్రేళ్లతో పరుగెత్తించువారు లేరు. లేని వేగమును తగ్గించుటకు ఎవరైన పూనుకొందురా?

1873 మార్చి 1వ తేదీని డెన్స్‌మోర్, న్యూయార్కు రాష్ట్రమున ఇలియన్ గ్రామములోని రెమింగ్టన్ కంపెనీతో ఒడంబడిక చేసికొనెను. వారు తుపాకులు చేయువారు. 1865లో అమెరికా అంతర్యుద్ధము ముగియగనే తుపాకుల గిరాకి పడిపోగా, కుట్టుయంత్రములకు, వ్యవసాయ పరికరములకు దిగిరి. 1874లో వారు అమ్మకమునకు పెట్టిన టైపు యంత్రము చూచుటకు కుట్టుయంత్రమువలెనే యుండెను: నల్లని రేకుపై రంగుల పువ్వులు, క్రింద కాలితో త్రొక్కు పలక. పలక త్రొక్కినచో రోలరు మొదటికి తిరిగివచ్చును. అన్నియు పెద్దక్షరములే. వెల 125 డాలర్లు. రచయిత మార్క్ ట్వేన్ ఒకటి కొని, ఆ యేడు డిసెంబరులో తన అన్నకు దానిపై ఉత్తరము వ్రాసెను గాని, లోకము మాత్రము తొందరపడి కొనలేదు. 1878లో పెద్దక్షరములు, చిన్నక్షరములు రెండును వేయు షిఫ్టు మీటతో రెండవ యంత్రము వచ్చిన పిదప వ్యాపారము పుంజుకొనెను. ఆ యేటి ఆగస్టు 27న షోల్స్ పొందిన పేటెంటులో నేటి వరుస ఇంచుమించు పూర్తిగా కనబడును. ఎమ్ అక్షరము ఇంకను ఎల్ ప్రక్కన నడిమి వరుసలో నున్నది. సీ, ఎక్స్ తారుమారుగా నున్నవి. 1882 నాటికి ఆ మూడును నేటి స్థానములకు చేరినవి. అంతట వరుస గడ్డకట్టినది.

గడ్డకట్టుట అంటిని. యంత్రములు మారుచుండగా వరుస మాత్రము ఎందుకు మారలేదు? నాకు తోచినంతలో ఈ కథలో బరువైన భాగమిదియే. మాస్టరుగారి కథ దీనిని బొత్తిగా తడవదు.

యంత్రము కొన్నంతమాత్రమున ఉత్తరము వ్రాయబడదు; నేర్చిన వ్రేళ్లు కావలెను. 1881లో న్యూయార్కు నగరమున యువ క్రైస్తవ స్త్రీల సంఘమువారు ఎనమండుగురు యువతులతో టైపు తరగతి తెరచిరి. అటుపిమ్మట ఇట్టి తరగతులు నగరనగరమున వెలసినవి. 1888 జూలై 25న సిన్సినాటి నగరమున ఒక పందెము జరిగెను. ఒకవైపు సాల్ట్ లేక్ నగరపు కోర్టు లేఖకుడు ఫ్రాంక్ మెక్‌గర్రిన్, రెమింగ్టన్ యంత్రముతో. రెండవవైపు లూయీ ట్రాబ్, పెద్దక్షరములకు చిన్నక్షరములకు వేరువేరు మీటలుండు కాలిగ్రాఫ్ యంత్రముతో. మెక్‌గర్రిన్ మీటలవైపు చూడడు. అక్షరముల స్థానములన్నియు వ్రేళ్లకు కంఠపాఠము. అతడు గెలిచెను. గెలిచినది అతని అభ్యాసమా, ఆ యంత్రమా యని విచారించుటకు పత్రికలకు ఓపిక యెక్కడిది? చూడకయే కొట్టుట నేర్పవలెనని బడులన్నియు పట్టుపట్టినవి. నేర్పుటకు ఎక్కువచోట్ల దొరకిన వరుస రెమింగ్టన్ వరుస. నేర్చినవారు ఎక్కువైనకొద్ది కచేరీలు ఆ యంత్రమునే కొన్నవి. కచేరీలలో ఆ యంత్రమే యుండుటచే నేర్చుకొనువారు దానినే నేర్చిరి. గానుగ చుట్టు ఎద్దు తిరిగినట్లు ఇది తిరిగినది. 1893లో రెమింగ్టన్, కాలిగ్రాఫ్, యోస్ట్, డెన్స్‌మోర్, స్మిత్ ప్రీమియర్ అను ఐదు కంపెనీలు ఒక్క కూటమిగా చేరగా ఈ వరుసకు రాజముద్ర పడినట్లయ్యెను.

పోటీ వచ్చినవారు లేకపోలేదు. ఆ 1893లోనే బ్లికెన్స్‌డర్ఫర్ అనువాడు ఎక్కువ వాడుకగల పది అక్షరములను చేతికి దగ్గరనున్న అడుగు వరుసలో చేర్చి చక్కని చిన్న యంత్రము చేసెను. తన వరుసయే శాస్త్రీయమని చాటెను. అయినను కొనువారు అడుగగా పాతవరుస యంత్రములను సైతము ఇయ్యక తప్పినది కాదు. 1936లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆగస్ట్ డ్వొరాక్, తన బావమరిది డీలీతో కలిసి, అచ్చులన్నియు ఎడమచేతి క్రింద నడిమి వరుసలో నుండునట్లు క్రొత్త వరుసకు పేటెంటు పొందెను. 1944లో అమెరికా నౌకాదళము చేసిన పరీక్షలో అది మేలని తేలెను. కాని ఆనాడు నౌకాదళమున అట్టి విషయములకు నిపుణుడుగా నున్నది ఆ డ్వొరాకే. పెండ్లికూతురి తల్లియే పిల్లను మెచ్చుకొన్నట్లున్నదని నాకు తోచినది. 1956లో ఎర్ల్ స్ట్రాంగ్ అను ఆచార్యుడు ప్రభుత్వముకొరకు మరల పరీక్షించి, మార్చుటవలన లాభము లేదనెను. 1985లో పాల్ డేవిడ్ అను అర్థశాస్త్రవేత్త, మేలైనది ఓడి ముందు వచ్చినది నిలుచుటకు ఈ వరుస దృష్టాంతమని వ్రాసెను. 1990లో లీబొవిట్జ్, మార్గోలిస్ అను ఇద్దరు, అది మేలైనదని రుజువెక్కడ యని ఎదురు వ్రాసిరి. ఆ వివాదము పండితులది. పది వ్రేళ్లు ఒకసారి నేర్చినదానిని మాన్పించుట యెంత కష్టమో టైపు పరీక్షకు కూర్చున్నవాడెల్ల ఎరుగును. నేను లోయరు పరీక్ష ఒకసారి తప్పితిని. హయ్యరు మాత్రము మొదటిసారికే గట్టెక్కితిని. నా కుడిచేతి చిటికెనవ్రేలు నేటికిని సెమికోలను మీద నిలువజూచును.

మన తెలుగునకును ఈ పలకయే పీట యైనది. 1986లో భారత ప్రభుత్వము భారతీయ భాషలన్నిటికిని ఇన్‌స్క్రిప్టు అను ఉమ్మడి వరుస నేర్పరచినది. అచ్చులు ఎడమవైపు, హల్లులు కుడివైపు. మన అక్షరమాల న్యాయము కొంతవరకు అందు కనబడును. కాని మీటలపై చెక్కియుండు గుర్తులు షోల్స్‌వే. హెచ్ అని యున్న మీట నొక్కినచో ప వచ్చును. ఎల్ అని యున్నదానిని నొక్కినచో త వచ్చును. మా మనుమడు దానిని నేర్వలేదు. వాడు తెలుగుమాటను ఇంగ్లీషు అక్షరములతో కొట్టును. ఫోను దానిని తెలుగు చేయును.

షోల్స్ తన హక్కులను 12,000 డాలర్లకు అమ్మివేసెను. క్షయరోగము పట్టి మంచమెక్కినను యంత్రములు చేయుట మానలేదు. 1889లో క్రొత్త యంత్రమునకు పేటెంటు కోరుచు దరఖాస్తు పెట్టెను. అందలి అక్షరముల వరుస క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్ అని కాదు. ఎక్స్, పీ, ఎమ్, సీ, హెచ్ అని. తాను లోకమునకు ఇచ్చిన వరుసను తానే విడిచి వేరొకటి అమర్చుకొనెనన్నమాట. 1890 ఫిబ్రవరి 17న అతడు మిల్వాకీలో చనిపోయెను. ఆ పేటెంటు 1896 సెప్టెంబరులో మంజూరైనది. ఐదు కంపెనీలు కూటమి కట్టి అప్పటికి మూడేండ్లయ్యెను. అతని క్రొత్త వరుస వాడుకలోనికి రాలేదు.

ఈ సంగతులన్నియు మా మనుమనికి ఫోనులో చెప్పితిని. వాడు చివరవరకు విని, “అయితే మీ మాస్టారు చెప్పింది తప్పన్నమాట. ఆయనకు ఎవరు చెప్పారో?” అని యడిగెను.